రహ్మాన్ కొలిచిన నీళ్లు

రహ్మాన్ పోయిన వారానికి అతని థీసిస్ మీద రెండో రిపోర్టు వచ్చింది.

డెంగీ జ్వరం. సోమవారం డిపార్ట్‌మెంటుకు వచ్చి, ఒళ్లంతా నొప్పులంటూ మధ్యాహ్నమే ఇంటికి పోయినవాడు మళ్లీ తిరిగి రాలేదు. థీసిస్ ఇచ్చేసి అప్పటికి నెలలు దాటాయి. ఇక మిగిలినవల్లా ఇద్దరు ఎగ్జామినర్ల రిపోర్టులు, వాళ్లు అడిగిన దిద్దుబాట్లు, చివర్న వైవా. మొదటి రిపోర్టు అతను ఉండగానే వచ్చింది. బాగా వచ్చిందని ఆరోజు అందరికీ టీలు తెప్పించాడు కూడా. రెండోదాని కోసం ఎదురుచూస్తూనే పోయాడు.

గైడు కరుణాకుమారి ఆ కాగితాలు పట్టుకుని మధుబాబును తన గదికి పిలిపించింది. ఆమె పర్యావరణ శాస్త్రంలో ప్రొఫెసరు, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉంది. రహ్మాన్, మధుబాబు ఇద్దరూ ఆమె దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్నారు. రహ్మాన్‌ది ఇందుకూరుపేట మండలంలో సముద్రం పక్క ఊళ్ల బావినీళ్లు. మధుబాబుది అదే తీరం వెంబడి ఇసక దిబ్బలు.

"చదువు" అని కాగితాలు ముందుకు జరిపింది.

మధుబాబు నిలబడే చదివాడు. ఎగ్జామినరు పద్మనాభయ్య, వేరే యూనివర్సిటీలో పనిచేసి రిటైరైన పెద్దాయన. పని శ్రద్ధగా జరిగిందని మెచ్చుకుంటూనే ఒకచోట పట్టుకున్నాడు. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ బావినీళ్లలో ఉప్పు పెరగాలి. కానీ మైపాడు వైపు కొన్ని బావుల్లో, సముద్రం ఇంకా దగ్గరగా ఉన్నా, ఉప్పు తగ్గినట్టు లెక్కలు చూపిస్తున్నాయి. ఇది కొలతల్లో పొరపాటా? కాకపోతే కారణమేమిటి? మళ్లీ కొలిచి కారణం రాయాలి, లేదంటే ఆ బావులను థీసిస్ నుంచి తీసెయ్యాలి.

"మనిషే లేడు కదా మేడమ్. డిగ్రీ ఇస్తారా?"

"ఇవ్వమని రూల్సులో లేదు, ఇవ్వొద్దనీ లేదు. నేను పైవాళ్లను అడిగినాను. దిద్దుబాట్లు పూర్తిచేసి, వైవా రోజు అతని బదులు గైడు కూర్చుని జవాబులు చెప్తే ఆలోచిస్తామన్నారు." ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "బావుల దగ్గరికి పోదామంటే నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. ఆ ఊళ్లు తెలిసినోడివి నువ్వే. నువ్వు చెయ్యి."

మధుబాబు వెంటనే సరేననలేదు. అతనికి రహ్మాన్ మీద ప్రేమేమీ లేదు, పగా లేదు. ఒకే గది, ఒకే పొడుగాటి టేబులు. అటు కొసన అతని నీళ్ల సీసాలు, ఇటు కొసన తన ఇసక పొట్లాలు. ఒకసారి సీసా ఒరిగిపోయి పొట్లాలు తడిసిపోతే మధుబాబు టేబులు మధ్యలో అడ్డంగా టేపు అంటించాడు. రహ్మాన్ ఆ టేపును చూసి నవ్వి, "సరిహద్దులు వేసినావా అన్నా" అని తన సీసాలు వెనక్కి జరుపుకున్నాడు. అంతకంటే గొడవేమీ జరగలేదు. మాటలు మాత్రం ఆ తర్వాత బాగా తగ్గిపోయాయి. రహ్మాన్ అటెండరు దగ్గర్నుంచి రిజిస్ట్రారు దాకా అందరితో మాట్లాడే మనిషి. మధుబాబు తన పనేదో తాను చూసుకునే మనిషి. చిట్టమూరు దగ్గర వాళ్ల ఇంట్లో వాళ్లు కూడా అంతే, వరికోతలప్పుడు తప్ప నోరు విప్పరు.

"మా ఇద్దరికీ పెద్దగా పడేది కాదు మేడమ్" అన్నాడు.

"అందుకే నిన్ను అడిగినాను. అతని ఫ్రెండ్సుకు ఇస్తే ఏడుస్తా కూర్చుంటారు."

*

థీసిస్ ఫైలు రహ్మాన్ లాప్‌టాప్‌లో ఉంది. లాప్‌టాప్ ఇందుకూరుపేటలో వాళ్లింట్లో ఉంది. మధుబాబు బండి మీద వెళ్లాడు.

ఇంటి ముందు గదే పరుపుల కొట్టు. రహ్మాన్ తండ్రి అక్బర్ నేల మీద బాసింపట్టు వేసుకుని పరుపు అంచు కుడుతున్నాడు. పొడుగాటి సూది గుడ్డలోకి దిగడం, పైకి రావడం చూస్తూ మధుబాబు కాసేపు గడప దగ్గరే నిలబడ్డాడు. తర్వాత తానెవరో, ఎందుకొచ్చాడో చెప్పాడు.

అక్బర్ సూది ఆపలేదు. "ఇంకా ఏం పని మిగిలుండాది నాయనా? పోయినోడికి పరీక్ష యాడిది?"

"పరీక్ష కాదు. కొన్ని బావులు మళ్లీ కొలవాల."

"కొలిస్తే?"

"డాక్టరేట్ రావచ్చు."

"వస్తే ఎవురికి?"

ముసలాయన జవాబు కోసం ఆగకుండా లోపలికి కేకేశాడు. "అమ్మా అస్మా, ఆ పెట్టి తెచ్చియ్యి."

రహ్మాన్ భార్య లాప్‌టాప్‌ను దాని సంచీతో సహా తెచ్చింది. వైరు చుట్టి సంచీలో సర్దే ఉంది.

"తీసుకపో అన్నా. తెరిచేదానికి నా పేరు కొట్టాల. ఇంగ్లీషులో. అన్నీ చిన్నక్షరాలే."

ఆ మాట ఆమె ఏ భావమూ లేకుండా చెప్పింది. మధుబాబు కూడా అలాగే తల ఊపి సంచీ భుజాన వేసుకున్నాడు. మంచినీళ్లు తాగి పొమ్మని ఎవరూ అనలేదు, అతనూ ఆగలేదు.

*

వానలు తగ్గిన తర్వాత, ఉప్పు కొలిచే మీటరు, ఖాళీ సీసాలు, రహ్మాన్ గీసిన మ్యాపు తీసుకుని బయల్దేరాడు. కొలతలు తప్పయి ఉంటాయనే అతని అనుమానం. తప్పయితే పని తేలిక. ఆ బావులు తీసేసి, అధ్యాయం కుదించి, ఇచ్చెయ్యొచ్చు.

ముందుగా ఉప్పుటేరు పక్కన ఒక రైతు బావి. చుట్టూ రొయ్యల గుంటలు, మధ్యలో ఆయన వరిమడి ఒక్కటే పాతకాలం మనిషిలా నిలబడి ఉంది. మీటరు ముంచితే అంకె గబగబా పైకి పోయింది. రహ్మాన్ రాసిన దానికి అటూ ఇటూగా అదే. అక్కడి నుంచి సముద్రం వైపు రెండు మూడు బావులు చూశాడు. అవీ అంతే.

సర్వి తోపులు, అంటే సరుగుడు తోటలు దాటి దిబ్బల్లోకి వచ్చాక బండి చక్రం ఇసకలో కూరుకుపోయింది. బండి అక్కడే వదిలి నడిచాడు. దిబ్బల మధ్య పల్లంలో చెంచమ్మ అనే ఆవిడ దొరువు ఉంది. ఆ తీరంలో ఇసక నేలలో లోతు లేకుండా తవ్వుకునే నీటి గుంటను దొరువంటారు. దాని చుట్టూ ఆకుకూర మడులు, కాస్త వేరుశనగ. చెంచమ్మ కుండతో నీళ్లు తెచ్చి మడిలో పోస్తోంది.

మీటరు చూడగానే ఆమె గుర్తుపట్టింది. "ఆ సాయిబుల అబ్బయ్య రాలేదా? నిన్ను పంపినాడా?"

"ఆయన చనిపోయినాడు. జ్వరం వచ్చి."

చెంచమ్మ కుండ కింద పెట్టింది. "ఎప్పుడు?"

"మొన్న ఆ వానల ముందు."

"అయ్యో నా తండ్రీ" అని ఆమె గట్టు మీద కూలబడింది. "బో మాటకారి. వచ్చినప్పుడల్లా దోసిలి పట్టి తాగేవోడు. మీటరు ఎందుకబ్బయా, నీ నాలికే చాలు గదా అంటే నవ్వేవోడు. పెండ్లాం ఉండాది గదా?"

"ఉంది."

"అయ్యో" అని మళ్లీ అంది. తర్వాత లేచి తానే సీసా అందుకుని నీళ్లు ముంచి ఇచ్చింది.

అంకె పైకి పోలేదు. అట్టడుగున ఆగిపోయింది. మధుబాబు మీటరు కడిగి మళ్లీ పెట్టాడు. సీసా మార్చి పెట్టాడు. అదే అంకె. ఇక్కడి నుంచి చూస్తే సముద్రం కనబడుతోంది, అల విరిగే చప్పుడు వినబడుతోంది. నీళ్లు మాత్రం నెల్లూరు కుళాయి నీళ్లకంటే తియ్యగా ఉన్నాయి. ఆ వరసలో రహ్మాన్ గుర్తుపెట్టిన దొరువులన్నీ తిరిగాడు. అన్నీ తియ్యటివే. రహ్మాన్ తప్పు కొలవలేదు.

సర్వి చెట్ల నీడలో కూర్చుని చేతికందిన ఇసక పిడికిట పట్టి జారవిడిచాడు. అలవాటు కొద్దీ చేసిన పని. ఏళ్ల తరబడి ఆ ఇసకను జల్లెడ పట్టాడు, ఆరబెట్టాడు, తడిపాడు, గొట్టాల్లో పోసి నీళ్లు ఎంతసేపటికి దిగుతాయో చూశాడు. దిబ్బ ఎంత ఎత్తయితే అంత వాననీళ్లను పట్టి ఉంచుతుందని అతని నాలుగో అధ్యాయం. అచ్చు కాలేదు. ఎవరికీ చూపించలేదు. పడిన వాన పడినట్టు ఇసకలోకి దిగిపోయి, తేలికైన మంచినీళ్లు బరువైన ఉప్పునీళ్ల పైన తేలుతూ నిలిచి ఉంటాయి. దిబ్బ కింద దొరువు తవ్విన వాళ్లకు ఆ పైనున్న మంచినీళ్లే దొరుకుతాయి. రొయ్యల గుంటల దగ్గర దిబ్బా లేదు, ఇసకా లేదు, అక్కడ ఉప్పు తప్ప ఇంకేం వస్తుంది?

జవాబు తన దగ్గరే ఉందని తెలిసి అతనికి సంతోషమేమీ కలగలేదు. మరొకటి గుర్తొచ్చింది. ఒకరోజు రహ్మాన్ టేబులు అవతలి నుంచి అడిగాడు, "అన్నా, ఈ ఇసకలో వాననీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి?" అని. మధుబాబు తల ఎత్తకుండా, "అచ్చయినాక చదువుకో" అన్నాడు. అడిగినవాడు ఊరికే మాట కలపడానికి అడిగాడనుకున్నాడు.

*

"మరింకేం, రెండు పేజీలు రాసి పెట్టెయ్" అంది కరుణాకుమారి, అతను చెప్పిందంతా విని. తర్వాత ఆమెకే తట్టి ఆగింది. "రాస్తే మాత్రం నీ నాలుగో అధ్యాయం పోతాది. ముందు అతని థీసిస్‌లో వచ్చినాక నీదాన్లో కొత్త ఏముంటాది? పైగా కాపీ పట్టే సాఫ్ట్‌వేరు నిన్నే పట్టుకుంటాది."

"ఫలానావాడు చెప్పినాడని నా పేరు వేసి రాస్తే?"

"అసలు కారణమే వేరే వాళ్లు చెప్పినారంటే, ఇది అభ్యర్థి సొంత పని ఎట్టా అవుతాదని ఆ పద్మనాభయ్యగారే అడుగుతాడు. ఆయన సంగతి నాకు తెలుసు. పోనీ, ఆ బావులు తీసెయ్. తీసెయ్యొచ్చని ఆయనే రాసినాడు గదా."

తియ్యడానికి ఒక పూట చాలు. మధుబాబు లాప్‌టాప్ తెరిచి ఆ బావులున్న పట్టిక దాకా వెళ్లాడు. చెంచమ్మ దొరువు ఉన్న వరస దగ్గర ఆగాడు. అది తప్పయితే తీసెయ్యడం న్యాయం. ఒప్పని తాను కళ్లారా చూసి వచ్చాడు. ఆ ముక్క కొయ్యడానికి చెయ్యి రాలేదు.

సరే, రాద్దామని మొదలుపెట్టాడు. పోతే పోయింది నాలుగో అధ్యాయం, ఇంకోటి చేసుకోవచ్చు అనుకున్నాడు. రహ్మాన్ ధోరణి అతనికి తెలుసు, వాక్యాలు పొడుగ్గా సాగుతాయి. అదే ధోరణిలో రెండు పేజీలూ పూర్తిచేసి మొదటి నుంచి చదివాడు. బాగానే కుదిరింది. అంత బాగా కుదరడమే అతనికి నచ్చలేదు. తెలియని సంగతిని తెలిసినట్టు రహ్మాన్ చేత చెప్పించాడు. బతికున్న మనిషయితే ఇది నేను రాసింది కాదే అని అడ్డం చెప్పేవాడు. ఇతను చెప్పలేడు.

ఆ రెండు పేజీలూ చెరిపేశాడు. పట్టిక అట్లాగే ఉంచి దాని కింద చిన్నగా రాశాడు: "ఈ కొలతలు సరైనవి. అభ్యర్థి మరణానంతరం వీటిని మరొకరు మళ్లీ తీసి సరిచూశారు. సముద్రానికి ఇంత చేరువలో ఉప్పు తగ్గడానికి కారణం ఈ పరిశోధనలో తేలలేదు."

కరుణాకుమారికి కోపం వచ్చింది. "తెలీదని రాసి డాక్టరేట్ అడుగుతామా? నీకు మతి ఉండాదా?"

"అతనికి తెలీదు మేడమ్. అంతవరకు నిజం."

"నీకు తెలుసు గదా!"

"నాది కాదు గదా ఆ థీసిస్."

ఇది జాలా, స్వార్థమా, మొండితనమా అన్నది ఆమెకు అంతుపట్టలేదు. అడిగితే మధుబాబు కూడా తేల్చి చెప్పగలిగేవాడు కాదు. చివరికి, "నువ్వే వచ్చి చెప్పుకో ఆయనకి" అని సంతకం పెట్టింది.

*

వైవాకు ఎవరైనా రావచ్చని రూలు. నోటీసు బోర్డులో అభ్యర్థి పేరుకు ముందు 'కీర్తిశేషులు' అని చేర్చారు. సెమినారు హాల్లో పట్టుమని పదిమంది లేరు. వెనక వరసలో అక్బర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పక్కన అస్మా. అభ్యర్థి నిలబడే చోట కరుణాకుమారికి కుర్చీ వేశారు.

పద్మనాభయ్య సన్నగా, పొడుగ్గా, గొంతు పెద్దగా ఉన్న మనిషి. ముందు చిన్న ప్రశ్నలు వేశాడు. కరుణాకుమారి తడుముకోకుండా చెప్పింది. తర్వాత ఆయన పేజీ తిప్పి వేలు పెట్టాడు.

"ఇదేంది, 'తేలలేదు' అంటే? కారణం రాయమన్నాను, లేదంటే తీసెయ్యమన్నాను. రెండూ చెయ్యలేదు మీరు."

కరుణాకుమారి పక్కకు చూసింది. మధుబాబు లేచి నిలబడ్డాడు.

"మళ్లీ కొలిచింది నేను సార్. కొలతలు ఒప్పే. అందుకని తీసెయ్యలేదు. కారణం అతనికి తెలీదు. అందుకని రాయలేదు."

"ఏళ్ల తరబడి వైవాలు చేస్తా ఉండాను. తెలీదని రాసుకొచ్చిన థీసిస్ నేను చూడలా."

పద్మనాభయ్య పేజీ మీది నుంచి తల ఎత్తాడు.

"నీకు తెలుసా కారణం?"

"తెలుసు సార్."

"మరి చెప్పు."

"నా థీసిస్‌లో చెప్తాను సార్. ఆ దొరువులు తియ్యగా ఉన్నాయని మొదట కొలిచింది రహ్మాన్ అని కూడా దాంట్లో రాస్తాను. అతను కొలవకపోతే నా ఇసకకు ఇట్టా ఒక ఉపయోగం ఉందని నాకు తట్టేది కాదు."

పద్మనాభయ్య పేజీ మీద వేలు అట్లాగే ఉంచి అడిగాడు, "ఇద్దరూ ఒకే డిపార్ట్‌మెంటా?"

"ఒకే టేబులు సార్."

"మాట్లాడుకోలేదా ఎప్పుడూ?"

"లేదు సార్."

పెద్దాయన కాగితాలు సర్దుకుని, పక్కనున్న వాళ్లతో గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆ తర్వాత కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. రాయడం అయ్యాక లేచి, "డిగ్రీ ఇవ్వవచ్చునని సిఫారసు చేస్తున్నాను" అని ఇంగ్లీషులో, అదే పెద్ద గొంతుతో చదివాడు. మామూలుగా అయితే అప్పుడు చప్పట్లు కొడతారు. ఆరోజు ఎవరికీ చేతులు లేవలేదు.

అక్బర్‌కు ఇంగ్లీషులో చదివిందేమీ అర్థం కాలేదు. బయట వరండాలో కరుణాకుమారిని ఆపి, "పాసయినాడా అమ్మా?" అని అడిగాడు.

"పాసయినాడు" అంది ఆమె. ముసలాయన తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. అస్మా ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

*

స్నాతకోత్సవంలో పట్టా అస్మాయే అందుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు మధుబాబు లాప్‌టాప్ ఇచ్చెయ్యడానికి ఇందుకూరుపేట వెళ్లాడు. ఈసారి కూర్చోమన్నారు. టీ ఇచ్చారు.

"అన్నా, ఒక మాట అడగతా" అంది అస్మా. "దాంట్లో ఏముండాది? ఆరేళ్లు రాసినాడు. ఎప్పుడడిగినా బావులు, నీళ్లు అనేవోడు. నేను టెంత్ దాకే చదివినా. ఇంగ్లీషులో ఉండాది, నాకు తెలీదు."

మధుబాబు మాటలు కూడదీసుకుని, ఏ ఊళ్లో నీళ్లు ఎట్లా ఉన్నాయో, రొయ్యల గుంటలు వచ్చాక ఏ బావులు చెడిపోయాయో చెప్పాడు. చివరికి, సముద్రం ఒడ్డున దిబ్బల్లో నీళ్లు తియ్యగా ఉంటాయని మొదట కనిపెట్టింది అతనేనని చెప్పాడు. ఒకేసారి అన్ని మాటలు అతను ఎవరితోనూ మాట్లాడింది లేదు.

అస్మా వింటూ వింటూ ఒక్కసారిగా నవ్వింది. నవ్వు సగంలోనే కోపమైంది.

"అందుకనా! పెండ్లయిన కొత్తల్లో నేను టీ పెడితే ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టేవోడు. నా చెయ్యి బాగలేదని అనుకున్యా. ఒకరోజు బండి మీద క్యాన్లు కట్టుకోని మైపాడు కాడి నుంచి నీళ్లు తెచ్చినాడు, దీంతో పెట్టు అని. నేను ఆ క్యాను తీసుకపోయి చెట్లకి పోసేసినా. రెండు దినాలు మాట్లాడుకోలేదు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నీళ్లు బాగలేవు అని ఒక్క మాట చెప్తే సరిపోయేది గదా అన్నా. చెప్పలేదు. అందరితో అంత మాట్లాడేవోడు, నాకీ మాట చెప్పలేదు."

"చెప్పేదానికి ముందు రుజువు కావాలనుకున్నాడేమో" అన్నాడు మధుబాబు. అది నిజమో కాదో అతనికి తెలియదు.

కొట్టులోంచి అక్బర్ లోపలికి వచ్చాడు. పట్టాకు ఫ్రేము కట్టించి కొట్టులో గోడకు తగిలిస్తానని ఆయన పట్టుదల. పరుపులు కొనేదానికి వచ్చేవాళ్లంతా చూసి పోతుంటే అదేం బాగుంటుంది మామా, బీరువాలో పెట్టుకుందాం అని అస్మా. నువ్వు చెప్పు నాయనా అని ఆయన మధుబాబును మధ్యకు లాగాడు. ఇద్దరూ చెప్పింది బాగానే ఉందని అతను అన్నాడు. దాంతో ఇద్దరికీ కోపం వచ్చింది.

"నీదెప్పుడన్నా డిగ్రీ?" అని అడిగింది అస్మా, గడప దాకా వచ్చి.

"రాస్తా ఉండాను. వేసవికి ఇచ్చేస్తా."

అతను బండి తీసేసరికి లోపల మళ్లీ ఫ్రేము సంగతి మొదలైంది. అక్బర్ గొంతు ఒకటి, అస్మా గొంతు ఒకటి, ఎవరూ తగ్గడం లేదు. ఎండ ఇంకా ఉంది. దిబ్బల దగ్గర ఇసక తీసుకోవాల్సిన చోట్లు రెండు మిగిలి ఉండటంతో మధుబాబు బండిని మైపాడు రోడ్డుకు తిప్పాడు.